గుడ్డంత పొట్టతో కోనసీమలో రెండ్రోజులు

కోనసీమ వెళ్లొచ్చానంటే "ఏం చూశావ్?" అని ఎవరూ అడగరు. "ఏం తిన్నావ్?" అంటారు. పూతరేకులు, పొట్టిక్కలు, పనసపొట్టు కూర, పండుగప్ప పులుసు... అక్కడ ఊళ్లని కూడా తిండి పేర్లతోనే గుర్తుపెట్టుకుంటాం. అలాంటి చోటికి షుగరునీ, గుడ్డంత పొట్టనీ వెంటేసుకుని వెళ్తే ఎలా ఉంటుంది? సంక్రాంతి హడావుడి తగ్గాక రెండ్రోజులు తిరిగొచ్చాను.

గుడ్డంత అన్నది ఊరికే అన్న మాట కాదు. పద్నాలుగు నెలల క్రితం హైదరాబాద్‌లో నాకు గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. పొట్ట పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి తయారుచేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. మిగతా పొట్ట లోపలే ఉంటుంది కానీ తిండి అటు వెళ్లదు. నెలలు గడిచేకొద్దీ ఆ సంచి కాస్త సాగుతుంది, అయినా పాత పొట్టంత అవదు. అప్పుడు నా బరువు 118 కిలోలు, ఇప్పుడు 81. రెండుపూటలా వేసుకునే ఇన్సులిన్ ఆగింది. ఒక మెట్‌ఫార్మిన్ మాత్ర మిగిలింది.

ఈసారి ప్రయాణం బావ కోసం. మా మేనత్త కొడుకు, రాజమండ్రిలో ఉంటాడు. 41 ఏళ్లు, షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు, బీఎంఐ 36, ఇన్సులిన్ మీద ఉన్నాడు. ఆపరేషన్ గురించి ఆలోచించమని డాక్టరు చెప్పారట. "ఫోన్లో నువ్వు ఎంత చెప్పినా నాకు ఎక్కదురా. రెండ్రోజులు వచ్చి నాతో తిరుగు. ఎలా తింటున్నావో కళ్లారా చూసి, అప్పుడు ఆలోచిస్తా" అన్నాడు.

పుష్కర్ ఘాట్‌లో మొదటి ప్రశ్న

గౌతమి ఎక్స్‌ప్రెస్ చీకట్లోనే గోదావరి దాటించేసింది. బావ స్టేషన్ నుంచి నేరుగా పుష్కర్ ఘాట్‌కి తీసుకెళ్లాడు. తెల్లవారుతుంటే మంచులోంచి పాత హేవలాక్ వంతెన స్తంభాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. 1900లో రైళ్లు మొదలైన వంతెన, 1997లో రిటైరైంది.

మెట్ల మీద కూర్చోగానే అడిగేశాడు. "నిజం చెప్పు. షుగర్ పోయిందా?"

"తగ్గింది బావా. పోలేదు."

మందులన్నీ ఆపేసిన మూడు నెలల తర్వాత కూడా హెచ్‌బీఏ1సీ 6.5 లోపు ఉంటే దాన్ని రెమిషన్ అంటారు. నాది 6.2. కానీ మాత్ర ఇంకా నడుస్తోంది కాబట్టి నేను ఆ లెక్కలోకి రాను. షుగర్ కొత్తగా వచ్చినవాళ్లకి, ఇన్సులిన్ దాకా వెళ్లనివాళ్లకి రెమిషన్ అవకాశాలు ఎక్కువ. ఏళ్లు గడిచినకొద్దీ తగ్గుతాయి.

బైపాస్‌లో వింత ఏంటంటే, చాలామందికి బరువు పెద్దగా తగ్గకముందే, రోజుల్లోనే షుగర్ దిగడం మొదలవుతుంది. వాల్టర్ పోరీస్ అనే అమెరికన్ సర్జన్ తన పేషెంట్లని ఏళ్లపాటు గమనించి 1995లో ఈ సంగతి రాశాక చర్చ పెద్దదైంది. తిండి త్వరగా కింది పేగుల్లోకి చేరడంతో జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్లు బాగా విడుదలవుతాయి, అవి ఇన్సులిన్‌కి సాయం చేస్తాయి.

"మరి ఆ హార్మోన్ల ఇంజెక్షన్లే ఇప్పుడు మన దగ్గరా దొరుకుతున్నాయిగా, మౌంజారో అనీ అదనీ. కోత ఎందుకు?"

"అదీ ఒక దారే. ఆపేస్తే బరువు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ తర్వాత కూడా కొన్నేళ్లకి కొందరికి బరువూ షుగరూ రెండూ తిరిగొస్తాయి. నీకు ఏది సరిపోతుందో డాక్టర్ చెప్పాలి, నేను కాదు."

"అంటే తొమ్మిదేళ్లకి నేను లేటన్నమాట" అన్నాడు నీళ్లవైపు చూస్తూ.

లేటని కాదు. పూర్తిగా పోతుందని లెక్కేసుకుని మాత్రం బల్ల ఎక్కకూడదు.

ఎండెక్కాక మెయిన్ రోడ్డుకొచ్చాం. రాజమండ్రి వచ్చి రోజ్ మిల్క్ తాగకపోతే ఎలా అంటారు. తాగలేదు. నాలాంటివాళ్లకి గట్టి స్వీటు కంటే తియ్యటి ద్రవం ప్రమాదం. చిన్న సంచిలో ఆగకుండా సర్రున పేగులోకి జారిపోతుంది. పావుగంట, అరగంటలో చెమటలు, గుండె దడ, కడుపులో తిప్పుడు. దాన్నే డంపింగ్ అంటారు. ఇంకో రకం ఉంది, అది ఆలస్యంగా వస్తుంది. చక్కెర ఒక్కసారిగా పెరగడంతో ఒంట్లో ఇన్సులిన్ పొంగి, గంట నుంచి మూడు గంటల్లోపు షుగర్ బాగా పడిపోతుంది. షుగర్ ఎక్కువని కోత పెట్టించుకున్నవాడికి షుగర్ తగ్గిపోయే భయం! బావ నవ్వాడు కానీ తన గ్లాసు కూడా సగంలో పెట్టేశాడు.

ఆత్రేయపురం: రేకు పల్చనే, బియ్యం బియ్యమే

ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ ఎక్కితే గోదావరి సముద్రంలా కనిపిస్తుంది. 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ కట్టి, ఆయన పేరే పెట్టారు. దాటి బొబ్బర్లంక, అక్కణ్నుంచి కాలవ పక్కనే ఆత్రేయపురం.

ఇక్కడి పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. ఒక ఇంటి అరుగు మీద తయారీ చూశాం. బోర్లించిన కుండ కింద ఎండుటాకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో తడిపిన గుడ్డని కుండ మీద ఒక్కసారి పరిచి తీసేస్తారు. క్షణంలో కాగితంలాంటి రేకు లేస్తుంది. పొగలో, సెగలో కూర్చుని చేసే ఆ పని చూస్తే, నోట్లో ఒక్క సెకన్లో కరిగిపోయేదాని వెనక ఎంత ఒళ్లు కరిగిందో తెలుస్తుంది.

కొట్టు ముందు "షుగర్ ఫ్రీ పూతరేకులు" అని బోర్డు. బావ కళ్లు మెరిశాయి. చక్కెర పొడి లేకపోవచ్చు, రేకు మాత్రం బియ్యమే కదా. నెయ్యి నెయ్యే. బెల్లం రకమైతే అదీ తీపే. షుగర్ ఫ్రీ అంటే షుగర్ పెరగదని కాదు.

మరి తినలేదా? తిన్నాను. డ్రైఫ్రూట్ పూతరేకులో ఒక ముక్క, బొటనవేలంత. ముందు ఉడికిన గుడ్డు తిని, ఆ తర్వాత. ఖాళీ పొట్టలో తీపి పడకూడదు. ఆ ముక్క రెండు నిమిషాలు నోట్లో ఉంచుకున్నాను. ఇదివరకు డబ్బా ఖాళీ చేసినప్పుడు రేకుకీ నెయ్యికీ మధ్య ఇంత రుచి ఉందని తెలీదు.

అత్తయ్య విస్తరి

రావులపాలెం అరటి గెలల లారీలు దాటుకుని, అంబాజీపేటలో ఆగాం. పనసాకులతో కుట్టిన బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి ఉడికిస్తే పొట్టిక్క. ఆకు వాసన పట్టేస్తుంది. నేను సగం, బావ రెండు. మధ్యాహ్నానికి అమలాపురం దగ్గర అత్తయ్య ఇంటికి చేరాం.

అసలు పరీక్ష అక్కడే. హోటల్లో వద్దంటే ఆగుతారు. గోదారి జిల్లా ఇంట్లో "వద్దు" అనే మాటకి "ఇంకొంచెం" అని అర్థం.

పండుగప్ప పులుసు, పనసపొట్టు కూర, ముద్దపప్పు, ఆవకాయ, పండక్కి చేసిన అరిసెలు. నేను ముందు చేప తిన్నాను. ప్రొటీన్ మొదట, తర్వాత కూర, అన్నం చివర, అదీ చోటుంటే. బాగా నమిలి మింగాలి. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ ఈ చిన్న సంచిలోంచే పోవాలి కాబట్టి అన్నానికి ముందు సీటు లేదు. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. రెండు చేప ముక్కలు, రెండు స్పూన్ల కూర, ఒక ముద్ద పప్పన్నం. అయిపోయింది.

"ఏరా నాన్నా, పిట్ట తిన్నట్టు తిని లేచిపోతావేంట్రా? నా వంట బాలేదా?" అంది అత్తయ్య. గొంతు కాస్త వణికింది. తర్వాత బావ కంచంవైపు చూసి మెల్లగా అడిగింది. "వీడికి కూడా ఇలాగే అయిపోద్దా?"

అప్పుడు అర్థమైంది, బావ భయం కోత గురించి కాదని. ఆపరేషన్ చేయించుకుంటే అమ్మ చేతి వంటకి దూరమవుతానేమో అన్నదే వాడి బెంగ. ఆవిడ బెంగా అదే. ఈ మాట ఏ కౌన్సెలింగ్ షీటులోనూ ఉండదు.

"దూరం అవ్వడత్తయ్యా. కంచం చిన్నదవుద్ది, అంతే. రెండు గంటలాగి నాకు మళ్లీ ఆకలేస్తుంది. అప్పుడు ఆ పులుసే కావాలి" అన్నాను. నాలుగింటికి ఒక చిన్న గిన్నెలో చేప ముక్క పెట్టి, స్పూనుతో సహా తెచ్చిచ్చింది. రాత్రి ఎనిమిదింటికి ఇంకోటి. కొసరి వడ్డించడం మానలేదు. టైమింగ్ మార్చుకుంది.

పంటు కోసం ఎదురుచూస్తూ

రెండో రోజు పొద్దున్నే అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర చాలాసేపు నిలబడ్డాం. ఒక పక్క నది రంగు, ఒక పక్క సముద్రం రంగు. ఇసకలో గంట నడిచాను. 118 కిలోలప్పుడు పార్కింగ్ నుంచి గుడిదాకా నడవడమే నాకు గండం. ఈ ట్రిప్పులో నేను కడుపునిండా తిన్నది ఏదైనా ఉంటే ఆ గంట నడకే.

నరసాపురంలో భోంచేసి నేను రైలెక్కాలని ప్లాను. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం బళ్ల వరస పెద్దదిగా ఉంది. ఒంటిగంటన్నర. బావ పొద్దున వేసుకున్న మిక్స్‌డ్ ఇన్సులిన్ తన పని తాను చేస్తోంది, భోజనం మాత్రం అవతలి గట్టున ఉంది. ఉన్నట్టుండి మాట తడబడింది. చొక్కా తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. మీటర్ తీసి చూస్తే 58.

నా జేబులో ఎప్పుడూ గ్లూకోజ్ ఉంటుంది, ఆలస్యంగా వచ్చే డంపింగ్ భయంతో. మూడు చెంచాలు, అంటే 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగించాను. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూస్తే 84. తర్వాత బిస్కెట్లు, గుప్పెడు వేరుశనగలు. పంటు ఎక్కేసరికి మనిషి మామూలయ్యాడు.

గోదావరి మధ్యలో రెయిలింగ్ పట్టుకుని అన్నాడు. "ఒరేయ్, ఆపరేషన్ చేయించుకున్న నీ జేబులోనూ గ్లూకోజే, చేయించుకోని నా జేబులోనూ ఉండాల్సింది అదే. మరి తేడా ఏంటి?"

తేడా ఉంది. నాకు మోకాళ్ల నొప్పి లేదు, ఇన్సులిన్ లేదు, రాత్రి గురక లేదు. బదులుగా బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్ బతికున్నంతకాలం వేసుకోవాలి, రక్తపరీక్షలు మానకూడదు. ఆపరేషన్ నాకు షుగర్ నుంచి సెలవు ఇవ్వలేదు, షుగర్‌తో కలిసి నడిచే ఓపిక ఇచ్చింది. అది చాలా అనేది బావే తేల్చుకోవాలి.

బావ ఇంకా తేల్చుకోలేదు. కానీ డాక్టర్‌ని అడగాల్సినవి ఫోన్‌లో రాసుకున్నాడు: నాకు స్లీవా, బైపాసా? తొమ్మిదేళ్ల షుగర్‌కి రెమిషన్ అవకాశం ఎంత? ఇన్సూరెన్స్ వస్తుందా? ఐదేళ్ల తర్వాత నన్ను ఎవరు చూస్తారు? అమ్మ చేసే పులుసు ఎన్నో నెల నుంచి తినొచ్చు?

మీరూ వెళ్తుంటే

దారి: రాజమండ్రి, ధవళేశ్వరం, ఆత్రేయపురం, రావులపాలెం, అంబాజీపేట, అమలాపురం, రాజోలు, అంతర్వేది. తిరుగు ప్రయాణం సఖినేటిపల్లి పంటు దాటి నరసాపురం నుంచి రైల్లో. చలికాలం హాయిగా ఉంటుంది.

బ్యాగులో: గ్లూకోమీటర్, స్ట్రిప్‌లు, గ్లూకోజ్ పొడి, ఉడికిన గుడ్లు లేదా వేరుశనగలు, మందుల చీటీ ఫొటో. ఇన్సులిన్‌ని ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. బైపాస్ అయినవాళ్లు ఒంటినొప్పులకి మెడికల్ షాపులో అడిగి మాత్ర వేసుకోవద్దు, కొన్ని నొప్పి మాత్రలతో అల్సర్లు వస్తాయి.

పంటుకి టైమ్‌టేబుల్ ఉన్నా, ఎదురుచూపుకి లేదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు రేవుకి వెళ్లేముందే భోంచేయండి.