శనివారం సాయంత్రం పేలాల్సిన గన్ను

కాకినాడలో ఆ శనివారం సాయంత్రం ఆరుంబావుకి పద్దెనిమిది మంది పిల్లలు ఒక పాత గోడౌన్‌లో ఒకరినొకరు తెగ కాల్చుకుంటున్నారు. ఎవరూ చావట్లేదు. ఆట అంటేనే చావాలి కదా, చావట్లేదు! గన్ను చప్పుడు చేస్తోంది, ముందున్న లైటు వెలుగుతోంది, పది అడుగుల దూరంలో నిలబడ్డవాడి జాకెట్ మాత్రం ఉలకదు, పలకదు. రిబ్బన్ కట్ చేసిన కత్తెర ఇంకా పళ్లెంలోనే ఉంది. ఆ గన్నులూ జాకెట్లూ తయారుచేసి, అమ్మి, ఓపెనింగ్‌కి అతిథిగా వెళ్లి స్వీటు కూడా తిన్నవాణ్ని నేనే.

పగలు నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీలో కోడ్ రాస్తాను. రాత్రిళ్లూ, శని ఆదివారాలూ లేజర్ ట్యాగ్ సామాన్లు తయారుచేస్తాను. మొదట్లో ఇది నాదీ, ఇంజినీరింగ్‌లో నా రూమ్మేట్‌దీ.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పేరులో లేజర్ ఉంది గానీ ఇప్పుడు చాలా గన్నుల్లో లేజర్ ఉండదు. ఉండేది మీ టీవీ రిమోట్‌లో ఉండే ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, దాని ముందు ఒక భూతద్దం. కావాలంటే రిమోట్‌ని సెల్ఫీ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కండి, ఊదారంగులో మిణుకుమంటుంది. కంటికి కనపడని ఆ వెలుగే మా బుల్లెట్. అది సెకనుకి 38 వేల సార్లు ఆరి వెలుగుతుంది. జాకెట్ మీదున్న రిసీవర్ ఆ వేగంలో మిణికేదాన్నే పట్టించుకుని మిగతా వెలుతురునంతా వదిలేస్తుంది. అలా వదిలేయాలి అని మేం నమ్మాం. అసలు గొడవ అక్కడే వచ్చింది, చెబుతా.

ఆ మిణుకుల్లోనే కాల్చింది ఎవరు, ఏ టీమ్, దెబ్బ ఎంత అన్న సంగతులన్నీ ఉంటాయి. సరదాగా ఇంట్లో తయారుచేసుకునేవాళ్లు ఎక్కువగా వాడే మైల్స్‌ట్యాగ్ అనే పద్ధతిలో ఒక బుల్లెట్ అంటే మొత్తం 14 బిట్లు. నేను ఆఫీసులో రాసే ఒక్క ఎర్రర్ మెసేజ్‌లో అలాంటి బుల్లెట్లు వంద పడతాయి. 1984లో అమెరికాలోని డల్లాస్‌లో జార్జ్ కార్టర్ అనే ఆయన ఫోటాన్ పేరుతో మొదటి సెంటర్ తెరిచాడు. నలభై ఏళ్లు దాటినా బండి నడిచేది అదే సూత్రం మీద.

మేం ఇందులోకి దిగింది ఆఫీస్ టీమ్ ఔటింగ్ పుణ్యమా అని. ఇరవై గన్నులున్న చోట పనిచేసేవి ఏడు. మిగతావాటి గురించి అడిగితే, "అవి ఫారిన్ సర్. రిపేర్‌కి పంపితే రావడానికి రెండు నెలలు" అన్నాడు ఓనర్. కొత్తవి కొందామంటే బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. మా గన్ను బొమ్మా, ఎలక్ట్రానిక్ సామానా అన్నది పార్శిల్ వచ్చిన ప్రతిసారీ ఒక పంచాయితీ అని ఆయన బాధ. చచ్చిపోయిన గన్ను ఒకటి అడిగి తెచ్చుకుని రాత్రి విప్పి చూశాం. లోపల చిన్న బోర్డు, ఎల్‌ఈడీ, స్పీకర్, స్విచ్. మా రూమ్మేట్ ఈసీఈ. "ఇంతేనా!" అన్నాడు. ఆ మాటకి తర్వాత మేం కట్టిన ఖరీదు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

పార్టులన్నీ కోఠీ గుజరాతీ గల్లీలో దొరికాయి. బాడీని త్రీడీ ప్రింటర్‌లో తీశాం, ఒక్కోదానికి పదకొండు గంటలు. డై చేయిద్దామని బాలానగర్ వెళ్తే అక్కడి పెద్దాయన మా ప్రింట్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పిల్లలాడేదా ఇది? అయితే కింద పడేస్తరు" అంటూ నా కళ్ల ముందే బల్ల మీంచి వదిలేశాడు. రెండు ముక్కలైంది. కోపం వచ్చింది గానీ, నాకు దొరికిన మొదటి టెస్టింగ్ ఇంజినీర్ ఆయనే. డైకి మూడున్నర లక్షలన్నాడు. సగం నా సేవింగ్స్, మిగతాది అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చింది. అమ్మ ఇచ్చేటప్పుడు ఒకటే అడిగింది: "తుపాకులా నాన్నా? ఇంకేం దొరకలేదా?"

మొదటి ఎనిమిది సెట్లు వికారాబాద్ వైపు ఒక రిసార్ట్ కొంది. రాత్రి మా మేడ మీద ఎనభై మీటర్లు పోయిన బుల్లెట్ అక్కడ మిట్టమధ్యాహ్నం పదిహేను దాటలేదు. సూర్యుడి వెలుతురులో ఇన్‌ఫ్రారెడ్ బోలెడంత ఉంటుంది కాబట్టి రిసీవర్‌కి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఆటని సాయంత్రం నాలుగున్నర తర్వాతకి మార్చుకున్నారు, గొడవ లేకుండా పోయింది. అదృష్టాన్ని తెలివి అనుకున్నాం.

తర్వాత కాకినాడ ఆయన. కువైట్‌లో పదకొండేళ్లు డ్రైవింగ్ చేసి వచ్చి, ఇక పిల్లల దగ్గరే ఉండాలని, దాచుకున్నదంతా ఆ గోడౌన్ మీద పెట్టారు. ఇరవై సెట్లు, సెట్టుకి పద్నాలుగు వేలు. ఫోన్‌లో ప్రతి మాటకీ "అండి" తగిలించేవారు. నన్ను "బాబూ" అనేవారు. విదేశాల్లో సెంటర్లు చీకట్లో ఊదారంగులో మెరిసిపోతుంటాయి కదా, అలాంటి ఫోటోలు నాలుగు నేనే పంపి "ఇలా చేస్తే అదిరిపోతుంది" అన్నాను. ఆయన నా మాట విని ఓపెనింగ్‌కి ముందు రాత్రి పద్నాలుగు బ్లాక్‌లైట్ ట్యూబులు బిగించారు.

ఆ సాయంత్రానికి మళ్లీ వద్దాం. పిల్లలకి కూల్‌డ్రింకులు ఇప్పించి బయట కూర్చోబెట్టారు. నేను టికెట్ కౌంటర్ వెనక నేల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. కోడ్‌లో ఏ తప్పూ లేదు. కోడ్ రాసేవాడు చివరిదాకా వెతికేది కోడ్‌లోనే, అదొక జబ్బు. గంటంపావు అలా పోయింది. హైదరాబాద్ నుంచి ఫోన్‌లో రూమ్మేట్, "ఒకసారి లైట్లన్నీ ఆపి చూడరా" అన్నాడు. ఆపాం. చీకట్లో గోడ దగ్గరున్న జాకెట్‌ని కాల్చాను. కుయ్యిమని చచ్చిపోయింది. లైట్లు వేశాం. మళ్లీ అమరులైపోయారు అందరూ.

ఆ ట్యూబులకి ఉండే ఎలక్ట్రానిక్ చోక్ వెలుగుని సెకనుకి వేల సార్లు ఆర్పి వెలిగిస్తుంది, మన రిసీవర్ వినే వేగానికి దగ్గర్లోనే. దాంతో రిసీవర్ ఇదంతా గోల అనుకుని చెవి మందం చేసుకుంటుంది. పక్కనే బ్యాండ్‌మేళం మోగుతుంటే పిలుపు వినపడనట్టు. ఈ సంగతి రిసీవర్ తయారుచేసే కంపెనీ డేటాషీట్‌లోనే ఉంది. నేను మూడో పేజీ తర్వాత చదవలేదు. మా ఫ్లాట్‌లో ఎల్‌ఈడీ బల్బు కింద టెస్ట్ చేసి 'ఇండోర్ ఓకే' అని రాసుకున్నాను.

ఆయన అరిచినా బావుండేది. "బాబూ, రేపు ఆదివారమండి. మూడు బర్త్‌డేలు బుక్కయ్యాయండి" అన్నారు, అంతే. వాళ్లావిడ అప్పటికే పిల్లల తల్లిదండ్రులకి డబ్బులు తిరిగి ఇచ్చేస్తోంది. అన్నీ వంద నోట్లు, లెక్కపెడుతూ.

రాత్రి రెండింటి దాకా ట్యూబులు విప్పి, మామూలు ఎల్‌ఈడీ లైట్లకి నీలం జిలుగు కాగితం చుట్టాం. ఆదివారం ఆట నడిచింది. ఫోటోల్లో ఉన్నంత అందం లేదు గానీ చావాల్సినవాళ్లు చచ్చారు. తర్వాత రెండు వారాంతాలు మళ్లీ కాకినాడే. జాకెట్‌కి నాలుగు, గన్నుకి ఒకటి లెక్కన వంద రిసీవర్లు పీకి, లైట్ల గోలని తట్టుకునే రకం అతికించాను. ఖర్చంతా మాదే. పైగా పోయిన శనివారం కింద ఆయనకి పాతిక వేలు పంపాను.

ఆ పాతిక వేల దగ్గరే నాకూ రూమ్మేట్‌కీ చెడింది. "ట్యూబులు పెట్టింది ఆయన, మనం కాదు" అన్నాడు వాడు. "ఫోటోలు పంపింది నేను" అన్నాను. సరిగ్గా ఆ నెలలోనే ఒక పెద్ద మాల్ నుంచి 120 సెట్లకి ఎంక్వైరీ వచ్చింది, 45 రోజుల్లో ఇవ్వాలి. చైనా నుంచి సిద్ధంగా ఉన్న సరుకు తెప్పించి మన స్టిక్కర్ వేద్దాం, ఇలాంటి చాన్స్ మళ్లీ రాదు అని వాడి వాదన. అది పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. ఆ లాభంతో అమ్మ గాజులు ఏడాది ముందే ఇంటికొచ్చేవి. కానీ వాటిలో పదో, పదిహేనో ఒక శనివారం సాయంత్రం ఆగిపోతే విప్పి బాగుచేయడం నాకు రాదు. తీసుకోలేదు. వాడు ఆర్నెల్ల తర్వాత తప్పుకున్నాడు. వాడి వాటా డబ్బు విడతలుగా ఇచ్చేశాను. వాడి పెళ్లికి వెళ్లి ఫోటో దిగాను. గ్రూపులో జోకులు ఫార్వర్డ్ చేసుకుంటాం. ఈ వ్యాపారం గురించి మాత్రం మాట్లాడుకోం.

ఇప్పుడు పదకొండు ఊళ్లలో మా గన్నులున్నాయి. ఏడాదికి మూడు, నాలుగు సెంటర్ల కంటే ఒప్పుకోను. కొత్తగా అడిగేవాళ్లు మొదట అడిగేది రేంజ్ ఎంత అని. నేను మొదట అడిగేది మీ లైట్లు ఏంటి అని. పది సెట్లకి రెండు స్పేర్ సెట్లు కొంటేనే అమ్ముతాను. బేరం చాలాసార్లు ఇక్కడే తెగిపోతుంది. ఎందుకంటే పాడయ్యేది చిప్ కాదు. గన్నుకీ జాకెట్‌కీ మధ్య వైరు మెడ దగ్గర తెగుతుంది. ట్రిగ్గర్ కింది స్విచ్ అరిగిపోతుంది. జాకెట్ చెమటకి నానుతుంది. ఇక బ్యాటరీ మోసం ఒక పురాణం! వేలెడంత 18650 సెల్ మీద 9,900 ఎంఏహెచ్ అని రాసి అమ్ముతారు. ఆ సైజులో మంచి కంపెనీ సెల్లే 3,500 దగ్గర ఆగిపోతుంది. ఒకసారి కొని, పాత లాప్‌టాప్‌ల నుంచి తీసినవని విప్పాక తెలుసుకున్నాను.

రంగు కూడా మార్చాను. మొదట్లో నల్లగా, నిజం గన్నులా చేశాం, కుర్రాళ్లకి అదే ఇష్టం. 1987లో కాలిఫోర్నియాలో రాత్రిపూట ఈ ఆట ఆడుతున్న పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ని నిజం తుపాకీ అనుకుని పోలీసు కాల్చేశాడు. అది చదివిన రోజు నల్ల ప్లాస్టిక్ ఆర్డర్ క్యాన్సిల్ చేశాను. ఇప్పుడన్నీ నారింజ, పచ్చ. "ఐస్‌క్రీమ్ బండిలా ఉంది బ్రో" అన్నాడొక కస్టమర్. ఉండనీ. మెట్రోలో బ్యాగు స్కాన్ చేసేవాళ్లు ఇప్పటికీ పక్కకి పిలుస్తారు, కాకపోతే నవ్వుతూ పంపేస్తారు.

ఉద్యోగం మానలేదు. "ఎప్పుడు మానేస్తావ్" అని స్నేహితులు, "ఎప్పుడు ఆపేస్తావ్" అని ఇంట్లో. ఇద్దరికీ అదే నవ్వు. కిందటి నెల గాజులు విడిపించాను. అమ్మ వేసుకుని చూసుకుని, "కొంచెం వదులయ్యాయిరా" అంది.

కాకినాడ ఆయన ప్రతి ఆదివారం రాత్రి పదిన్నరకి వాట్సాప్ చేస్తారు. మొన్నటిది ఇది: "ఈ రోజు 61 మందండి. ఆరో నంబర్ గన్ను ట్రిగ్గర్ గట్టిగా ఉందండి. మీ వీడియో చూసి మా అబ్బాయే విప్పాడండి, స్విచ్ పోయిందండి." ఆ స్విచ్ ఖరీదు పన్నెండు రూపాయలు, కొరియర్‌కి తొంభై. ఉదయం ఆఫీసుకెళ్తూ దారిలో వేసేశాను, ఒకటి కాదు, ఐదు.