కలకత్తా వీధులలో ఓపెన్ టాప్ కారు

గత శీతకాలంలో కార్యాలయ పనిమీద కలకత్తా వెళ్లి, హౌరా స్టేషను వెలుపలకు రాగానే నా కళ్లు అలవాటుగా పసుపుపచ్చని అంబాసిడర్ టాక్సీల వరుస కోసం వెదికాయి. ఒకనాడు ఆ ఆవరణమంతా నిండి ఉండే ఆ కార్లు ఇప్పుడు అక్కడక్కడ మాత్రమే కనిపించాయి. ఉత్తర్‌పాడాలోని హిందుస్తాన్ మోటార్స్ కర్మాగారంలో అంబాసిడర్ ఉత్పత్తి 2014 మే నెలలో నిలిచిపోయింది. మిగిలిన టాక్సీలు పదిహేనేళ్ల వయోపరిమితి నిబంధన వలన ఒక్కొక్కటే తప్పుకుంటున్నాయి. హౌరా వంతెన దాటుతుండగా, ఇదే నగరంలో రెండు పాత కార్ల నడుమ ఒకదానిని ఎన్నుకోవడానికి నేను పడిన తర్జనభర్జన జ్ఞప్తికి వచ్చింది. ఆ వృత్తాంతాన్ని మన సంస్థ సోదర ఉద్యోగులతోను, వారి కుటుంబసభ్యులతోను పంచుకోవాలని ఈ వ్యాసం.

అది 2001వ సంవత్సరం. ఆ జనవరిలోనే కలకత్తా అధికారికంగా కోల్‌కతా అయింది. భవానీపూర్‌లో ఒక పాత మేడలో క్రింది భాగాన్ని అద్దెకు తీసుకొని మా శ్రీమతి, నేను కాపురం ఉండేవాళ్లం. ఇంటి యజమాని డెబ్బయ్యేళ్లు దాటిన వంగ పెద్దమనిషి. అక్కడి మర్యాద ననుసరించి ఆయనను మేము ‘కాకాబాబు’ అని పిలిచేవాళ్లం. ఆయన తండ్రి ఒక ఆంగ్లేయ వర్తక సంస్థలో ఉన్నతోద్యోగిగా పనిచేసి, స్వదేశానికి తిరిగిపోతున్న దొరల వద్ద రెండు కార్లు కొన్నారట. ఒకటి 1958 నాటి ఎం.జి.ఏ. అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. రెండవది 1962 నాటి ట్రయంఫ్ హెరాల్డ్ కన్వర్టిబుల్. రెండూ గుడ్డ టాప్ గలవే. పెరట్లో రేకుల షెడ్డు క్రింద అవి పక్కపక్కనే ఉండేవి.

ఆ మేడను పడగొట్టి ఫ్లాట్లు కట్టడానికి అన్నదమ్ములందరూ ఒప్పుకున్నారు. పూజల సెలవుల నాటికి షెడ్డు ఖాళీ కావాలి. ఒక సాయంకాలం కాకాబాబు నన్ను పిలిచి, “నువ్వు ఇంజనీరువి. రెంటిలో ఒకటి తీసుకో. ధర నీవు ఇవ్వగలిగినంతే. కాని ప్రతిదినం నడపాలి. నిలబెట్టి ఉంచడానికైతే ఇవ్వను” అన్నారు. రెండవదాని సంగతి అడిగితే బదులు చెప్పలేదు. పాత ఇనుము వర్తకుడు అప్పటికే రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడని ఆ మరునాడు తెలిసింది. ఒక కారును ఎన్నుకోవడమంటే రెండవదానిని వదలివేయడమేనని గ్రహించి ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

నాకు వాహనం అవసరమే. నా పని కిద్దర్‌పూర్ రేవు ప్రాంతంలోని సైటులో. భవానీపూర్ మీదుగా 1984 నుంచి మెట్రో రైలు నడుస్తున్నా అది రేవువైపు పోదు. స్కూటరుపై వానలో తడిసి రెండుసార్లు జ్వరపడ్డాను. ఇక మనసు మాట దాచనేల? విద్యార్థి దశ నుంచీ స్పోర్ట్స్ కారు మీద నాకు వ్యామోహం ఉండేది. ఆ ఎర్రని ఎం.జి.ని చూసిననాడే నా నిర్ణయం సగం అయిపోయింది. మిగిలిన సగానికి కారణాలు వెదకడం మొదలుపెట్టాను.

కారణాలు బలమైనవే దొరికాయి. ఎం.జి.ఏ. తొలి నమూనాలోని 1489 సి.సి. ఇంజను బి.ఎం.సి. సంస్థ వారి ‘బి’ శ్రేణికి చెందినది. మన అంబాసిడర్‌కు దశాబ్దాలపాటు అమర్చినదీ ఆ కుటుంబపు ఇంజనే. ఎం.జి.కి కార్బురేటర్లు రెండు, శక్తి కొంత అధికం. అయినా గాస్కెట్లు, బేరింగుల వంటి అనేక విడిభాగాలకు కలకత్తాలో లోటు లేదు. పార్క్ స్ట్రీట్ చివరనున్న మల్లిక్ బజార్‌లో అంబాసిడర్ సామాను గుట్టలుగా పోసి అమ్మేవారు. హెరాల్డ్ సంగతి వేరు. మద్రాసులో స్టాండర్డ్ మోటార్స్ వారు 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో దానిని తయారుచేసినా, ఆ ఉత్పత్తి డెబ్బయ్యవ దశకంలోనే ఆగిపోయింది. విడిభాగాల దృష్ట్యా ఎం.జి.యే మేలని కాగితంపై పట్టిక వేసి మా శ్రీమతికి చూపించాను. ఆమె దానిని చదివి, “అత్తయ్యగారు వస్తే ఎక్కడ కూర్చుంటారండీ?” అని మాత్రం అడిగింది. “టాక్సీ ఉంది కదా” అన్నాను. ఆమె మరి మాట్లాడలేదు.

మా అమ్మ శ్రీకాకుళంలో ఒంటరిగా ఉండేది. నాన్నగారు పోయి రెండేళ్లయింది. కంటి శుక్లానికి కలకత్తాలో ఆపరేషన్ చేయిస్తానని చెప్పి ఏడాదిగా వాయిదా వేస్తున్నాను.

కాకాబాబు అనుమతితో రెండు కార్లనూ నడిపి చూశాను. ఒక ఆదివారం తెల్లవారుజామున ఎం.జి.ని రెడ్ రోడ్డుకు తీసుకువెళ్లాను. మైదానం నడుమ నిటారుగా సాగే ఆ దారిని రెండవ ప్రపంచయుద్ధ కాలంలో యుద్ధవిమానాలకు రన్‌వేగా వాడారు. టాప్ మడిచి, ఒకవైపు విక్టోరియా మెమోరియల్, మరొకవైపు మంచులో తడిసిన పచ్చిక చూస్తూ పోతుంటే, జీవితంలో ఇంతకంటే ఏం కావాలనిపించింది.

బుధవారంనాడు అదే కారులో సైటుకు బయలుదేరాను. కలకత్తాలో అనేక వీధులు వన్‌వేలు. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో వాటిలో కొన్నింటి దిశ తిరగబడుతుంది. వెళ్లిన దారిన తిరిగి రాలేము. రేవు దగ్గర ఓడ వచ్చి రోడ్డు వంతెన తెరుచుకుంటే వాహనాలన్నీ నిలిచిపోవలసిందే. గంటకు నూట యాభై కిలోమీటర్ల వరకు పరుగెత్తగల ఆ ఇంజను, అంగుళం అంగుళం కదులుతూ వేడెక్కి పొగలు కక్కింది. అంతలో వాన వచ్చింది. ఆ కారుకు పైకెత్తే అద్దాలుండవు. పక్కలకు తెరలు తగిలించుకోవాలి. టాప్ ఎత్తి తెరలు బిగించేసరికి పూర్తిగా తడిసిపోయాను. తలుపులకు బయట పిడులు కూడా లేవు. లోపలకు చేయి పెట్టి తీసుకోవలసిందే. కాళ్ల క్రింది నేల ప్లైవుడ్ పలకలది. అది నీరు పీల్చి వాసన వేసింది.

హెరాల్డ్ మాత్రం నిర్దోషి అని చెప్పను. దానిని నడిపిన రోజు మోకాలి లోతు నీటిలో డిస్ట్రిబ్యూటర్ తడిసి ఆగిపోయింది. వీధి కుర్రవాళ్లు నలుగురు తోశారు. కాని ఆ కారు బానెట్ మొత్తం, మడ్‌గార్డులతో సహా, ముందుకు ఒరిగి తెరుచుకుంటుంది. చక్రం మీద కూర్చొని ఇంజను తుడుచుకోవచ్చు. పది నిమిషాలలో బయలుదేరాను. దానికి పైకెత్తే అద్దాలున్నాయి. వెనుక ఇద్దరు కూర్చోగలరు. ఇరవై అయిదు అడుగుల వృత్తంలో వెనక్కు మళ్లగలదు. ట్రాము పట్టాలు, చేతిరిక్షాల నడుమ ఇరుక్కున్నప్పుడు ఆ గుణం ఎంత విలువైనదో నడిపినవారికే తెలుస్తుంది.

మల్లిక్ బజార్‌లో ఒక వృద్ధ మెకానిక్ ఉండేవారు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికోసం వలసవచ్చిన తెలుగు కుటుంబంలో పుట్టినవారు. నా పట్టికను ఆయనకు చూపించాను. “బాబూ, ఇంజను బాగుచేయడానికి ఈ వీధిలో వందమంది ఉన్నారు. అది లెక్కలోనిది కాదు. నాలుగు నెలల వాన, రోజూ ట్రాఫిక్, ఇంట్లో మనుషులు, ఈ మూడూ మీ కాగితం మీద లేవు. ఎం.జి. ఆదివారం కారు. సోమవారానికి హెరాల్డే” అన్నారు. ఆపైన హెరాల్డ్ ఛాసిస్ విడిగా ఉంటుందని, బాడీ భాగాలు బోల్టులతో బిగించినవి గనుక తుప్పు పట్టినదానిని విప్పి అతుకు వేయవచ్చునని వివరించారు. మలుపులలో మాత్రం వేగం తగ్గించమని హెచ్చరించారు. దాని వెనుక ఇరుసు నిర్మాణం వలన వడిగా తిరిగితే చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి.

ఇంటికి వచ్చి పట్టిక చింపివేశాను. నేను విడిభాగాలను లెక్కించాను గాని ఎక్కవలసిన మనుషులను లెక్కించలేదు. హెరాల్డ్ తీసుకుంటానని చెప్పినప్పుడు కాకాబాబు కాసేపు మౌనంగా ఉండి, “మా అమ్మ కూడా అందులోనే వెనుక కూర్చునేది” అన్నారు.

ఆ నవంబరులో అమ్మ వచ్చింది. ఆపరేషన్ అయిన మూడు వారాలకు నల్లకళ్లద్దాలు పెట్టుకొని, తలమీద కొంగు గట్టిగా పట్టుకొని, హెరాల్డ్ వెనుక సీట్లో కూర్చొని కాళీఘాట్, దక్షిణేశ్వరం చూసింది. “టాప్ వేయమంటావా?” అంటే వద్దనేది. వచ్చిన కంటిచూపుతో ఊరంతా చూడాలని ఆమె కోరిక. అయిదేళ్లు ఆ కారును నడిపాను. దారిలో ఎన్నిసార్లు ఆగిందో లెక్కలేదు. బదిలీ అయినప్పుడు ఆ వృద్ధ మెకానిక్ మేనల్లుడికే అప్పగించి వచ్చాను.

ఇక ఎం.జి. ఇనుము వర్తకుడికి పోలేదు. కాకాబాబు బంధువు ఒకరు దానిని తీసుకొని శ్రద్ధగా పునరుద్ధరించారు. కలకత్తాలో స్టేట్స్‌మన్ పత్రికవారు 1968 నుంచి నిర్వహిస్తూ వచ్చిన పాతకార్ల ర్యాలీలో, 2005 శీతకాలంలో, దానిని ఎర్రగా మెరుస్తూ చూశాను. చేతితో తాకి వచ్చాను. నా వద్ద ఉంటే అది రెండు వర్షాకాలాలకే నశించేది.

ఇరవై ఏళ్ల తర్వాత, 2021 జూలైలో, కేంద్ర ప్రభుత్వం యాభై ఏళ్లు దాటిన వాహనాలకు నిబంధనలు తెచ్చింది. అసలు రూపం చెడకుండా ఉన్నవాటిని ‘వి.ఏ.’ అక్షరాలుగల నెంబరుతో వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. కాని అలా నమోదైన కారును నిత్యం రోడ్డుపై నడపరాదు. ప్రదర్శనలు, ర్యాలీల వంటి సందర్భాలకే దానిని బయటకు తీయాలి. ఆ వార్త చదివినప్పుడు మల్లిక్ బజార్ పెద్దాయన మాట గుర్తుకు వచ్చి నవ్వుకున్నాను.

ఈసారి పనైన తర్వాత భవానీపూర్ వెళ్లాను. మేడ స్థానంలో ఆరంతస్తుల ఫ్లాట్లు ఉన్నాయి. షెడ్డు ఉన్న చోట వరుసగా కొత్త కార్లు నిలిపి ఉన్నాయి. కాకాబాబు లేరు, అమ్మా లేదు. పదవీ విరమణ సమీపిస్తున్న నన్ను యువ సహోద్యోగులు అప్పుడప్పుడు ఏ పాత కారు కొనాలని అడుగుతుంటారు. ఇంజను, మైలేజీ, ధర అన్నీ చూడమంటాను. ఆ పైన, అందులో ఎవరెవరిని కూర్చోబెట్టాలో ముందు ఒక కాగితం మీద పేర్లు వ్రాసుకోమంటాను.