ఎకానమీ ప్యాక్

చిన్నప్పుడు ‘ఎకానమీ’ అంటే ‘పెద్దది’ అనుకునేవాణ్ణి. తొంభైల చివర్లో, తెనాలి దగ్గర మా ఊరి చిల్లరకొట్లో ఆ మాట పై అరలో ఉండేది, దుమ్ముపట్టిన సబ్బుపొడి సంచుల మీద. వాటిని ఎవరైనా దించమనగా నేను చూడలేదు. అమ్ముడయ్యేవన్నీ కళ్లెదురుగా దండల్లా వేలాడే షాంపూ ప్యాకెట్లే. అర్ధరూపాయికి చిక్. కొట్టాయన కత్తెర వెతక్కుండా టప్పున ఒకటి తుంచి చేతిలో పెట్టేవాడు.

నానమ్మకి ఆ దండలు గిట్టేవి కావు. ఆవిడ లెక్కంతా గిద్దె, సోల, తవ్వ, మానిక. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ. శనగపప్పు కొలిచాక కూడా కొంగు పట్టుకుని కదిలేది కాదు. “కొసరెయ్యి నాయనా.” ఆయన విసుక్కుంటూనే ఇంకో గుప్పెడు వేసేవాడు. మూతి మూసేసిన ప్యాకెట్టుని కొసరెలా అడుగుతాం? తర్వాత కంపెనీలే ‘25 శాతం అదనం’ అని అచ్చేయడం మొదలెట్టాయి. అడిగి వేయించుకోనిది కొసరే కాదని నానమ్మ కొట్టిపారేసింది. నాదీ అదే మాట.

ఓసారి జీతం అందిన రోజు నాన్న తెనాలి నుంచి ఎకానమీ ప్యాక్ మోసుకొచ్చాడు. కిలోకి నాలుగు రూపాయలు మిగిలిందట. అమ్మ మొహం వెలగలేదు. “నిండుగా కనిపిస్తే చెయ్యి ఆగదండీ” అంది. అన్నట్టే అయింది. గుప్పెళ్లకు గుప్పెళ్లు బకెట్లో పడ్డాయి. మిగిలింది శ్రావణం ముసురుకి రాయి కట్టింది. అమ్మ పచ్చడిబండతో కొట్టుకుని వాడింది. నాలుగు రూపాయల ఊసు నాన్న మళ్లీ ఎత్తలేదు.

షాంపూ దగ్గర మాత్రం లెక్కే తలకిందులు. లెక్కల నోటు వెనకపేజీలో సీసా ధరని మిల్లీలీటర్లతో భాగించి చూశాను. చిన్న ప్యాకెట్టే చవక! తప్పు చేశానేమోనని మళ్లీ చేశాను, అదే వచ్చింది.

చాలా ఏళ్ల తర్వాత విమానం టికెట్టు మీద అదే ‘ఎకానమీ’ మాట కనిపించింది. మోకాళ్లు ముందు సీటుకి ఒరుసుకుంటుంటే కొట్లో పై అర గుర్తొచ్చింది.

అమ్మ ఇప్పటికీ షాంపూ ప్యాకెట్టు సగమే వాడుతుంది. మూల మడిచి, పిన్నీసు పెట్టి, బాత్రూం కిటికీలో నిలబెడుతుంది. నేను కొనిచ్చిన పెద్ద సీసా బీరువాలో ఉంది, చుట్టాలొస్తే తీస్తుందట.