తుపాకికి పెరటి తలుపు

మన సావనీరులో తుపాకి మీద వ్యాసమేమిటని మిత్రులు కొందరు ముఖం చిట్లించవచ్చు. ఏటేటా ఈ పేజీల్లో ప్రేమకవితలు, విజ్ఞానయాత్ర ముచ్చట్లు, నిరుద్యోగం మీద ఆవేశాలు చదువుతూ వచ్చినవారికి ఇదొక అపస్వరంలా తోచినా తోచవచ్చు. కాని నేను చదువుతున్నది మెకానికల్ ఇంజనీరింగు. వర్క్‌షాపులో ఆకురాయి పట్టి చేతులు బొబ్బలెక్కించుకున్నవాణ్ణి ఒక యంత్రం ఎందుకలా తయారైందన్న ప్రశ్న ఓ పట్టాన వదలదు. పాత ఆయుధాల బొమ్మలున్న పుస్తకమొకటి తిరగేస్తుంటే నా బుర్రలో దూరిన పురుగు ఇది: తుపాకిని వెనకనుంచి నింపే ఏర్పాటు సరిగ్గా కుదరడానికి మనిషికి మూడు వందల ఏళ్లు పైగా ఎందుకు పట్టింది?

మన ఏజెన్సీ పల్లెల్లో నాటు తుపాకి చూసినవారికి కథ మొదటి సగం చెప్పనక్కరలేదు. గొట్టం మూతిలో మందు పోయాలి, పీచో గుడ్డపేలికో పెట్టి చువ్వతో కుక్కాలి, గుండు వెయ్యాలి, మళ్లీ కుక్కాలి. ఒకప్పుడు ప్రపంచంలోని సైన్యాలన్నీ చేసిన పని ఇదే. బాగా తర్ఫీదైన సిపాయి నిమిషానికి రెండు మూడు సార్లు కాల్చగలిగేవాడు. అదీ నిలబడి. నేలమీద పడుకుని నిలువెత్తు గొట్టంలో మందు పొయ్యడం ఎవరి తరం? గొట్టం లోపల మెలి గాళ్లు తీసిన రైఫిలైతే మరీ కష్టం. గుండు గాళ్లను బిగువుగా పట్టుకోవాలి కదా, అంత బిగువు గుండును మూతినుంచి అడుగుదాకా దిగ్గొట్టాలి.

మరి వెనక ఒక తలుపు పెట్టుకుంటే సరిపోయేది కదా అంటారా? ఆ ఆలోచన కొత్తదేం కాదు. ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ వద్ద 1537 నాటికే అలాంటి తుపాకి ఉండేది. వెనక మూత ఎత్తి, ముందే నింపి ఉంచుకున్న ఇనుప గొట్టంముక్కను లోపల పెట్టి మూత వేసేవారు. ఆ తుపాకి నేటికీ అక్కడి రాజాయుధశాల సంగ్రహంలో భద్రంగా ఉంది. అంటే తలుపు తెరవడం 1537లోనే తెలుసు. తెలియంది మూయడం.

పెరటి తలుపు ఎంత గట్టిగా వేసినా చలికాలంలో సందుల్లోంచి గాలి కొడుతూనే ఉంటుంది. తుపాకిలో ఆ సందుల్లోంచి వచ్చేది నిప్పుగాలి. సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10 కలిపిన నల్లమందు అంటుకుందంటే, క్షణంలో వెయ్యోవంతుల లెక్కలో వాయువు పుట్టి అన్ని వైపులకూ ఒకే బలంతో తోస్తుంది. దానికి ముందు ఏదో వెనక ఏదో తెలియదు. వెనక వెంట్రుకవాసి సందున్నా అందులోంచి బుస్సుమని వస్తుంది. అక్కడ ఉండేది ఎవరు? చెంప ఆనించి, కన్ను చికిలించి గురిచూస్తున్న మనిషి. పైగా నల్లమందు కాలాక సగానికి పైగా మసిగా, చిట్టెంగా మిగిలిపోతుంది. అది సందుల్లో పేరుకుని తలుపును బిగబట్టేస్తుంది. సందు వదిలితే నిప్పు కొడుతుంది, వదలకపోతే తలుపు కదలదు. డిజైనరుకు ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఈ ఇరకాటంలోంచి బయటపడడానికి ఒక్కొక్కరు ఒక్కో తోవ తొక్కారు. నాకు బాగా నచ్చినది స్కాట్లండు సైనికాధికారి పాట్రిక్ ఫెర్గూసన్ తోవ. గొట్టం అడుగుభాగాన్ని పైనుంచి కిందికి నిలువునా తొలిచి అందులో ఒక లావుపాటి మర బిగించాడు. దాని పిడి మరేదో కాదు, ట్రిగ్గరుకు రక్షణగా ఉండే ఇనుప కమ్మీయే. కమ్మీని ఒక్క చుట్టు తిప్పితే మర కిందికి దిగి గొట్టం పైభాగాన రంధ్రం తెరుచుకుంటుంది. గుండు వేసి, మందు పోసి, వెనక్కి తిప్పితే మూత పడుతుంది. మామూలు మరయితే అరడజను చుట్లు తిప్పాలి. ఇక్కడ ఒకదాని పక్కన ఒకటిగా అనేక మరచుట్లు కోశారు. మెషిన్ డిజైన్ క్లాసులో మల్టీ-స్టార్ట్ థ్రెడ్ అనగానే ఆవలించే మిత్రులకు మనవి: దానివల్లే ఒక్క తిప్పుకు అంత దూరం కదులుతుంది. అప్పటికే ఉన్న ఒక ఫ్రెంచి ఆలోచనకు ఫెర్గూసన్ మెరుగులు దిద్దాడు. మసి చేరడానికి మరలో గాళ్లు తీశాడు, కొవ్వు, మైనం కలిపి పూశాడు. 1776 జూన్ 1న వూల్‌విచ్‌లో వానా గాలీ లెక్కచేయకుండా నిమిషానికి నాలుగు నుంచి ఆరు సార్లు కాల్చి పెద్దలను విస్తుపోయేలా చేశాడు.

ఇంత చేసినా బ్రిటిష్ ప్రభుత్వం చేయించినవి సుమారు 100 తుపాకులే. అంత సన్నని మరపని ఆనాడు చేతిపని. ఒక్కో తుపాకికి ఖర్చూ కాలమూ చాలా పట్టేవి. 1777 సెప్టెంబరు 11న అమెరికాలో బ్రాండీవైన్ యుద్ధంలో ఫెర్గూసన్ మోచేయి చితికిపోయింది, అతని దళం చెల్లాచెదురైంది. 1780లో కింగ్స్ మౌంటెన్ వద్ద అతనే పోయాడు. వెంట ఆ తుపాకి కథా ముగిసింది. మంచి డిజైను ఒక్కటే చాలదు, దాన్ని వేలకొద్దీ చేయగల కార్ఖానా ఉండాలన్నది నాకు అర్థమైన మొదటి పాఠం. ఆ లోటు తీర్చినవాడు అమెరికావాడు జాన్ హాల్. 1819 నమూనా రైఫిలులో మందు పట్టే ముక్కే పైకి లేచేలా అమర్చి, హార్పర్స్ ఫెర్రీ కార్ఖానాలో ఏ భాగం ఏ తుపాకికైనా అమిరేలా చేయించాడు. కాని సందులోంచి వాయువు కారడం మాత్రం మానలేదు.

జర్మనీలో సొమ్మెర్డా అనే ఊళ్లో తాళాలు చేసే ఇంట పుట్టాడు నికోలస్ డ్రైసె. తండ్రి దగ్గరే ఆ పని నేర్చాడు. అందుకేనేమో, అతను చేసిన తుపాకి సాక్షాత్తూ తలుపు గడియ! పిడి పట్టి పైకెత్తు, వెనక్కి లాగు, కాగితపు తూటా పెట్టు, ముందుకు తొయ్యి, కిందికి దించు. ట్రిగ్గరు నొక్కగానే పొడవాటి సూది కాగితాన్ని చీల్చి, మందులోంచి దూసుకెళ్లి, గుండు అడుగున ఉన్న రంజకాన్ని పొడుస్తుంది. ప్రష్యా సైన్యం దీన్ని 1841 నమూనాగా తీసుకుంది. గుట్టు బయటపడకుండా 'తేలిక పెర్కషన్ తుపాకి' అని ఏమీ ఎరగనట్టు పేరు పెట్టింది.

దీనికీ తిప్పలు తప్పలేదు. మండే మందు మధ్య సూది ఉండిపోవడంతో అది తినేసి విరిగేది. సిపాయిలు జేబులో మారు సూదులు పెట్టుకు తిరిగేవారు. ఇనుముకు ఇనుమే ఆనే ఏర్పాటు గనక, అరిగేకొద్దీ సందు పెరిగేది. ముఖానికి నిప్పు కొడుతుందన్న భయంతో కొందరు తుపాకిని భుజానికెత్తకుండా నడుం దగ్గరే పెట్టి కాల్చేవారట. అయినా 1866 జూలై 3న కోనిగ్‌గ్రాట్జ్ యుద్ధంలో ఏం జరిగిందో చూడండి. ఆస్ట్రియా రైఫిలు దూరంలోనూ గురిలోనూ మెరుగే, కాని మూతినుంచి నింపేది. ప్రష్యా సిపాయి నేలమీద పడుకుని అంతకు రెండింతలు, మూడింతలు వేగంతో కాల్చగలిగాడు. ఆస్ట్రియావాళ్లు బాయినెట్లు పట్టుకుని బారులు తీరి మీదికొచ్చారు. ప్రష్యా నష్టం సుమారు 9,000 మంది. ఆస్ట్రియా పక్షాన బందీలతో కలిపి 40,000 పైచిలుకు.

అదే ఏడు ఫ్రాన్సు షాస్‌పో రైఫిలును తీసుకుంది. షాస్‌పో గడియ కొసకు రబ్బరు ఉంగరం తొడిగాడు. మన ఇళ్లలో ప్రెషర్ కుక్కరు మూతకు పెట్టే రబ్బరు లాంటిదే. పేలగానే రబ్బరు నొక్కుకుపోయి పక్కలకు ఉబ్బి సందు మూసేస్తుంది. కుక్కరు రబ్బరు ఏమవుతుందో అమ్మల్ని అడిగితే చెబుతారు. కొన్నాళ్లకు గట్టిపడుతుంది, పగులుతుంది. ఇక్కడా అంతే. కాని అందులో ఒక గొప్ప మలుపుంది. అంతవరకూ అందరూ ఇంకా గట్టి తలుపు, ఇంకా బిగువైన మర అంటూ వాయువుతో బలానికి బలంగా తలపడ్డారు. షాస్‌పో మెత్తని వస్తువును నమ్ముకున్నాడు.

ఆ దారి చివర ఉన్నది ఇత్తడి తూటా. మన ఊరి చేతిపంపు విప్పి బాగుచేస్తుంటే చూశారా? లోపల గిన్నెలా వంగిన వాషరుంటుంది. నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ దాని అంచు గొట్టం గోడకు ఇంకా గట్టిగా అంటుకుంటుంది. ఇత్తడి తూటా కూడా అంతే. మందు పేలగానే దాని పల్చటి గోడ ఉబ్బి తుపాకి గొట్టానికి అతుక్కుపోతుంది. ఒత్తిడి ఎంత ఎక్కువైతే మూత అంత బిగువు. ఒత్తిడి తగ్గగానే ఇత్తడి కాస్త ముడుచుకుంటుంది, ఖాళీ తూటా ఊడి వస్తుంది. మసి పట్టిన తలుపును తోముకునే పని లేదు, ప్రతి గుండుకూ కొత్త తలుపే. పారిపోవాలని చూసే దొంగ చేతనే కాపలా కాయించడమంటే ఇదీ. పారిస్‌లో ఉన్న స్విస్‌వాడు పౌలీకి 1812లోనే లోహపు అడుగున్న తూటా ఊహ వచ్చింది. డ్రైసె కుర్రతనంలో అతని కార్ఖానాలోనే పనిచేశాడు.

ఇంగ్లండు 1866లో తన పాత ఎన్‌ఫీల్డ్ తుపాకుల వెనక భాగం కోసి, పక్కకు తెరుచుకునే స్నైడర్ మూత అమర్చి, కల్నల్ బాక్సర్ చేసిన ఇత్తడి రేకు తూటా వాడుకలోకి తెచ్చింది. ఆ మూతను ఎనిమిదవ హెన్రీ తుపాకి పక్కన పెట్టి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. తలుపు పాతదే, మధ్యలో చేరిన ఇత్తడి ఒక్కటే కొత్త. 1871లో వచ్చిన మార్టినీ-హెన్రీలో ఆ చుట్టిన రేకు వేడికి గొట్టంలో ఇరుక్కుపోతుండడంతో, ఒకే ముక్కగా సాగదీసిన తూటాలు వచ్చాయి. రాగి 70 పాళ్లు, జింకు 30 పాళ్లు కలిసిన ఇత్తడిని మెటలర్జీ పుస్తకాలు నేటికీ 'కార్ట్‌రిడ్జ్ బ్రాస్' అనే అంటాయి.

ఇక్కడే కథ మన దేశంలోకి వస్తుంది. మన వానాకాలంలో గుర్రపుశాలల్లో నిలవ ఉంచిన తూటాలు కాల్చకుండానే పగుళ్లిచ్చేవి. దానికి 'సీజన్ క్రాకింగ్' అని పేరుపడింది. సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి, గుర్రాల మూత్రంనుంచి వచ్చే అమ్మోనియా, గాలిలోని తేమ కలిసి చేసే పని అది. తూటాను తగుమాత్రం కాచి ఆ ఒత్తిడి తీసేయడమే మందు. మనం పరీక్షకు బట్టీపట్టే 'స్ట్రెస్ రిలీవింగ్' వెనక మన వానలు, మన గుర్రపుశాలలూ ఉన్నాయన్నమాట.

మన దేశంతో ఇంకా పెద్ద ముడి ఉంది. 1857లో సిపాయిల ముందు పెట్టిన ఎన్‌ఫీల్డ్ మూతినుంచి నింపేదే. కొవ్వు రాసిన కాగితపు తూటాను పళ్లతో కొరికి మందు పొయ్యాలి. ఆ కొవ్వు ఆవుదో పందిదో అన్న మాట డండంలో పుట్టి ఊరూరా పాకింది. మీరట్‌లో 90 మందిలో 85 మంది ఆ తూటాలు ముట్టమన్నారు. తిరుగుబాటుకు కారణం తూటా ఒక్కటే అనడం చరిత్రకు అన్యాయం. కాని మనిషి నోటిదాకా వచ్చిన యంత్రం ఎంత పని చేయగలదో అది చూపించింది. ఆనాటి ఢిల్లీ జనం సిపాయిలను 'తిలంగా'లనేవారు. కంపెనీ తొలిరోజుల్లో సిపాయిలు మన తెలుగు సీమనుంచి వెళ్లినందువల్ల వచ్చిన పేరది. ఆ తరువాత దొరలు కొత్త పాఠం నేర్చారు. తెల్ల సిపాయి చేతికి మార్టినీ-హెన్రీ వస్తే నల్ల సిపాయికి స్నైడర్. ఎప్పుడూ ఒక తరం వెనక. 1878 ఆయుధ చట్టంతో మిగిలిన జనానికి లైసెన్సు సంకెల. తుపాకి తలుపుకు వేసిన గడియ కంటే ఈ గడియ గట్టిది.

ఇదంతా హాస్టల్లో వివరిస్తుంటే ఒక మిత్రుడు అడిగాడు: "ఒరే, మనుషుల్ని చంపే వస్తువులో అంత అందం ఎట్లా కనపడుతుందిరా నీకు?" మెకానిజం వేరు, దాని వాడకం వేరు అని తేలిగ్గా అనెయ్యవచ్చు. కత్తితో కూర తరగవచ్చు, పీక కొయ్యవచ్చు అని సామెతలా చెప్పవచ్చు. ఆ జవాబు నా నోటికి రాలేదు. తుపాకితో కూర తరగం కదా!

ఆలోచించగా నాకు తోచింది ఇది. ఈ మూడు వందల ఏళ్లూ ఇంత మంది పనివాళ్లు పడ్డ శ్రమంతా వెనక నిలబడ్డ మనిషి ముఖం కాలకుండా చూడడానికి. అది మంచి పనే, మనిషి మీద శ్రద్ధే. కాని వెనక్కి పోనివ్వని నిప్పంతా ముందుకే పోతుంది. కోనిగ్‌గ్రాట్జ్‌లో ముందు నిలబడ్డ ఆస్ట్రియా కుర్రవాడికీ ఒక ముఖముంది. ఏ డ్రాయింగులోనూ ఆ ముఖం లేదు. డ్రాయింగు కాగితం గొట్టం మూతి దగ్గరే ఆగిపోతుంది.

వచ్చే ఏడాది ఈ పాటికి మనలో కొందరం హైదరాబాదు రక్షణ పరిశోధనశాలల్లో, ఆయుధ కర్మాగారాల్లో ఉంటాం. దేశానికి రక్షణ అక్కర్లేదనేంత అమాయకత్వం నాకు లేదు. ఉద్యోగం వస్తే వద్దనే స్తోమతూ లేదు. ఒక్కటి మాత్రం చేద్దామనుకుంటున్నాను. ఎక్కడ పనిచేసినా, బాయిలరైనా సరే, పురుగుమందు కొట్టే పంపైనా సరే, దాని పిడి పట్టుకునేవాణ్ణి గురించి అడిగాక, దాని మూతి ఎవరివైపు ఉందో కూడా అడగాలి. ఆ ప్రశ్నకు మార్కులు వేసే పరీక్ష మన సిలబస్‌లో లేదు. అందుకే ఈ సావనీరులో రాస్తున్నాను. లెక్చరర్లు మన్నిస్తారని, మిత్రులు వాదనకు దిగుతారని ఆశ. రండి, క్యాంటీన్లో టీ నాది.