ఇన్‌స్టాల్డ్ దగ్గరే ఆగిపోయిన నా బండిల్



మా ప్రాజెక్టు జావా ఓఎస్‌జీఐలో. కోడ్‌ని బండిల్స్‌గా విడగొట్టి అపాచీ ఫెలిక్స్‌లో నడపాలి. మావెన్‌లో బిల్డ్ సక్సెస్ అని వచ్చింది. ఫెలిక్స్‌లో మాత్రం నా బండిల్ యాక్టివ్ కాలేదు, ఇన్‌స్టాల్డ్ దగ్గరే ఆగింది. మూడు రాత్రులు హాస్టల్లో నిద్ర లేదు. మా ఇంట్లో కాలేజీకొచ్చింది నేనే మొదలు, ఇంటికి ఫోన్ చేసి ఏం అడగను? ఈ చదువు నాకు రాదేమో అని ఏడుపొచ్చింది.

చివరికి ఎర్రర్‌ని భయపడకుండా పదం పదం చదివా. నాక్కావాల్సిన ప్యాకేజీ పక్క బండిల్‌లోనే ఉంది. కానీ దాని మేనిఫెస్ట్‌లో ఎక్స్‌పోర్ట్-ప్యాకేజీ దగ్గర ఆ పేరు రాయలేదు. జార్ దొరికితే మావెన్ కంపైల్ చేసేస్తుంది, ఫెలిక్స్ మాత్రం ఎక్స్‌పోర్ట్ చెయ్యనిదాన్ని ఇవ్వదు. ఒక్క లైను రాశా, యాక్టివ్ అయింది.

క్లాసులో డౌటున్నా నోరు విప్పని నేనూ ఆ బండిల్ లాంటోణ్ణే. రేపటినుంచి అడుగుతా. మీరూ సిగ్గుపడకండి, మీ ఎర్రర్ ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.