రెండు హారన్లు

2017 జూన్‌లో మా చెల్లెలు రెండు బ్యాగులతో, పదకొండేళ్ళ కొడుకుతో ఒంగోలులో మా ఇంటికి వచ్చేసింది. ఈసారి మేం వెనక్కి పంపలేదు. "ఈసారి" అని ఎందుకంటున్నానో తర్వాత చెప్తాను, చెప్పక తప్పదు.

మొదటి రెండు నెలలూ అందరి కంగారూ చెల్లెలి గురించే. ఎడమ చెయ్యి భుజం దాటి లేవదు. ముందు పన్ను ఒకటి లేదు. లాయరు, పోలీస్ స్టేషను, ఆధార్‌లో అడ్రసు మార్పు, పిల్లాడి టీసీ. ఆ తిరుగుళ్ళలో పిల్లాడి గురించి ఎవరం పెద్దగా ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం కనిపించలేదు కూడా. పెట్టింది తినేవాడు, కంచం తనే కడిగేవాడు, మా అమ్మాయి రిమోట్ లాక్కుంటే ఇచ్చేసేవాడు. చూడ్డానికొచ్చిన చుట్టాలంతా "ఎంత బుద్ధిమంతుడమ్మా" అని మెచ్చుకునేవాళ్ళు. "వాణ్ణి మాత్రం ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదంట, అదొక్కటీ నయం" అనేది మా అమ్మ. నేనూ ఆ మాటే నమ్మాను.

మొదట తేడా కనిపెట్టింది మా ఆవిడ. పరుపు ఎండలో వెయ్యబోతే కింద న్యూస్ పేపర్లో చుట్టిన చపాతీలు, సగం పొడైపోయిన మేరీ బిస్కెట్లు, వాటినిండా చీమలు. ఆమెకి బాధ కంటే ముందు కోపం వచ్చింది. "నేనేమన్నా వీణ్ణి మాడుస్తున్నానా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అంది. నేనూ వాణ్ణి పిలిచి కేకలేశాను. వాడు తలొంచుకుని నిలబడ్డాడు, ఏడవలేదు. రాత్రి చెల్లెలు చెప్పింది. ఆయన తాగొచ్చిన రోజు ముందు వెళ్ళేది అన్నం గిన్నె మీదికేనట, దాన్ని తీసుకెళ్ళి వీధిలో పారబోసేవాడట. అందుకని పిల్లాడు పొద్దున్నే ఏదో ఒకటి దాచేవాడట, రాత్రి డాబా మీద తల్లికి పెట్టడానికి.

మర్నాడు మా ఆవిడ ఒక స్టీలు డబ్బా తెచ్చి వాడి పుస్తకాల గూట్లో పెట్టింది. "ఇది నీది. ఇందులోవి ఎప్పుడు తిన్నా, ఎవరికి పెట్టినా నన్నడగొద్దు. అయిపోతే నేనే చూసి నింపుతాను" అంది. ఏ పుస్తకమూ చదవకుండానే చేసింది ఆ పని. చదివినవాణ్ణి నేను. నేను చేసిన పని వినండి.

నేను జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. సాయంత్రం స్నేహితులతో కాసేపు కూర్చుని ఎనిమిదింటికి ఇల్లు చేరడం అలవాటు. నేను లోపలికొచ్చేసరికి హాల్లో పుస్తకం తెరిచి ఉండేది, ఫ్యాను తిరుగుతుండేది, వాడు మాత్రం ఉండేవాడు కాదు. బాత్రూంలోనో డాబా మీదో ఉండేవాడు. నేనంటే బెరుకనుకున్నాను. వాడు పారిపోయేది నా నుంచి కాదనీ, బండి ఆగి స్టాండు వేసిన చప్పుడు నుంచనీ నా బుర్రకి తట్టడానికి నాలుగు నెలలు పట్టింది. వాళ్ళ నాన్న స్టాండు వేసే తీరునుబట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో తల్లీకొడుకులు అంచనా కట్టుకునేవాళ్ళట.

అది తెలిశాక, చాలా తెలివైన పని చేస్తున్నాననుకుని, వీధి మలుపులోనే ఇంజను ఆపేసి బండి నెట్టుకుంటూ రావడం మొదలుపెట్టాను. ఎదురింటాయన రోజూ "పెట్రోలు అయిపోయిందా మాస్టారూ" అని పరామర్శించేవాడు. వారం తర్వాత వాడే నా దగ్గరికొచ్చి నసిగాడు.

"అలా రావొద్దు మావయ్యా. చప్పుడు లేకుండా వచ్చిన రోజులే ఇంకా..."

"మరెలా రమ్మంటావురా?"

కాసేపు ఆలోచించాడు. "మలుపులో రెండుసార్లు హారన్ కొట్టు. నువ్వేనని తెలుస్తుంది."

పది రోజుల్లో వాడు మామూలైపోయాడని రాస్తే బావుండేది. ఏడాది పైన పట్టింది. మొదట గుమ్మం పక్కకి జరిగి నిలబడేవాడు. తర్వాత్తర్వాత కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చునేవాడు. ఒకరోజు మాత్రం తలెత్తకుండా లెక్క చేసుకుంటూనే "పెన్ను రీఫిల్ తెచ్చావా" అన్నాడు. తేలేదు. మళ్ళీ బండి తీశాను, షాపు మూసేస్తారేమోనని కంగారుగా.

ఇంగ్లీషులో ట్రామా అనే మాట ఈమధ్య మనవాళ్ళ నోటా బాగా నానుతోంది. ఆఘాతం అనీ, మానసిక గాయం అనీ రాస్తున్నాం. మా అమ్మకి ఆ మాటలేవీ తెలీదు. "వీడు జడుసుకున్నాడురా" అనేది. జడుపు జ్వరం మనకి కొత్తేం కాదు. పిల్లాడు జడుసుకుంటే ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తారు, మసీదు గుమ్మం దగ్గర నిలబెట్టి ఊదిస్తారు, తాయెత్తు కడతారు. మా అమ్మ వాణ్ణి మూడు శుక్రవారాలు మసీదుకి తీసుకెళ్ళింది. అప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వను. ఊదితే తగ్గుతుందని కాదు. భయం అనేది పిల్లాడి పొగరో బద్ధకమో కాదు, బయటినుంచి వచ్చి ఒంట్లో చేరిందీ అనే గ్రహింపు ఆ మాటలో ఉంది. కాకపోతే ఒక చిక్కుంది. జడుపు అంటే ఒక్క కుక్కో, ఒక్క పిడుగో. రోజూ ఎనిమిదింటికి ఇంటికొచ్చే జడుపుకి ఏ తాయెత్తూ కట్టలేం.

"వాణ్ణేం కొట్టలేదుగా" అన్న మాట తప్పని నాకు పుస్తకాల వల్లే తెలిసింది. అమెరికాలో శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టరు బరువు తగ్గించే క్లినిక్ నడిపేవాడు. బాగా తగ్గుతున్నవాళ్ళే మధ్యలో మానేస్తుంటే ఎందుకా అని ఆరా తీశాడు. చాలామంది కథలు చిన్నతనంలో జరిగిన ఘోరాల దాకా వెళ్ళాయి. అక్కణ్ణుంచి మొదలై, రాబర్ట్ ఆండాతో కలిసి చేసిన అధ్యయనంలో మొత్తం 17,000 మందికి పైగా చిన్ననాటి సంగతులు అడిగారు. మొదటి పత్రం 1998లో వచ్చింది. పెద్దయ్యాక వచ్చే గుండెజబ్బుకీ, తాగుడుకీ, దిగులుకీ చిన్నప్పటి ఇంటితో లంకె ఉందనీ, అలాంటి అనుభవాల రకాలు పెరిగేకొద్దీ ముప్పూ పెరుగుతుందనీ తేల్చింది. ఆ ప్రశ్నల్లో ఒకటి, మీ అమ్మని ఇంట్లో కొట్టేవాళ్ళా అని. అంటే తల్లి తిన్న దెబ్బ పిల్లాడి లెక్కలోనూ పడుతుంది. ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. వెంటనే కూర్చుని వాడికి మార్కులు లెక్కేశాను కూడా, మాస్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది! ఆ స్కోరుతో ఒక్కో మనిషి భవిష్యత్తు లెక్కకట్టొద్దని ఆండాయే తర్వాత హెచ్చరించాడని తెలిసి ఆ కాగితం చింపేశాను.

నాకు ఎక్కువ పనికొచ్చింది బ్రూస్ పెర్రీ. 1993లో టెక్సాస్‌లోని వేకో దగ్గర ఒక మతగురువు కోటని పోలీసులు చుట్టుముట్టినప్పుడు బయటికొచ్చిన 21 మంది పిల్లల్ని చూసుకున్న డాక్టరు ఆయన. ఆ పిల్లలు గంటసేపు కూర్చోబెట్టి అడిగితే చెప్పేవాళ్ళు కాదట. వాళ్ళకి తోచినప్పుడు, తోచిన మనిషి దగ్గరికి వెళ్ళి, కాసిని మాటలు చెప్పి మళ్ళీ ఆటల్లో పడేవాళ్ళట. అది చదివాక మా ఇంట్లో జరుగుతున్నది అర్థమైంది. వాడు ముక్కలు ముక్కలుగా చెప్తున్నాడు. తిండి సంగతి అత్తకి. కలల సంగతి మా అమ్మాయికి. నాకు చెప్పేవన్నీ బండి మీద, వెనకసీట్లోంచే. మొహం కనపడకపోవడం వాడికి అవసరమనుకుంటా. గాలికి సగం వినపడేవి కాదు. "ఏంటీ?" అని అడిగితే ఆపేసేవాడు. అందుకని అడగడం మానేసి, నెమ్మదిగా నడపడం నేర్చుకున్నాను.

2021లో పెర్రీ, ఓప్రా విన్‌ఫ్రీ కలిసి రాసిన పుస్తకం పేరే "నీకేం జరిగింది?" అనే ప్రశ్న. నీలో ఏం లోపముందని కాక నీకేం జరిగిందని అడగాలంటారు. తెలుగులో మనకి ఇక్కడో తమాషా ఉంది. "నీకేమైందిరా?" అనే ఒక్క మాటే రెండు పనులూ చేస్తుంది. గొంతు పెంచితే తిట్టు, తగ్గిస్తే పరామర్శ. ఇరవై ఏళ్ళ సర్వీసులో, వెనక బెంచీల్లో శూన్యంలోకి చూస్తూ కూర్చున్న పిల్లల్ని ఆ మాట ఎన్నిసార్లు అడిగానో, ఏ గొంతుతో అడిగానో నాకు గుర్తుంది. వాళ్ళలో ఎంతమంది రాత్రంతా డాబా మీద గడిపి వచ్చారో ఏం తెలుసు?

వాడి స్కూల్లోనూ అదే తంతు. పరధ్యానమని లెక్కల సారు స్కేలుతో కొట్టాడు. విద్యాహక్కు చట్టం, 2009, సెక్షన్ 17 అని కాగితం పట్టుకెళ్ళాను. ఆ ప్రిన్సిపాలు నా కాగితం చదివి, నవ్వి, "మీరూ టీచరే కదండీ" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. స్కూలు మార్చాం. గుంటూరులో ఒక డాక్టరుకి కూడా చూపించాం, ఏడాది పాటు నెలకోసారి. మొదటిసారి ఆయన వాడితో మాట్లాడింది తక్కువ. నన్నే అడిగాడు: "ఇంట్లో అందరికంటే ముందు అరిచేదెవరు?" ఫీజు తీసుకుని మరీ అడిగాడు.

ఇప్పుడు అసలు సంగతి.

2014 సంక్రాంతికి చెల్లెలు పుట్టింటికొచ్చి, ఇక వెళ్ళనంది. వీపు మీద బెల్టు వాతలు అమ్మకి చూపించింది. అమ్మ కొబ్బరినూనె రాసింది. మూడో రోజు "మగాడన్నాక కోపం ఉంటుంది, పిల్లాడి మొహం చూసి సర్దుకో" అంది. నేనేం అనలేదు. నేనే కొత్త చీర కొన్నాను, అరిసెల డబ్బా సర్దించాను, ఆటో పిలిచాను. పిల్లాడికప్పుడు ఎనిమిదేళ్ళు. ఆటో ఎక్కనని స్తంభం పట్టుకున్నాడు. వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది నేనే.

ఏడేళ్ళ తర్వాత, వాడు టెన్త్‌లో ఉండగా, ఒక సాయంత్రం కొత్తపట్నం బీచ్ నుంచి వస్తుంటే వెనకసీట్లోంచి అన్నాడు: "ఆ రోజు ఆటో ఎక్కించింది నువ్వే కదా మావయ్యా."

నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. అమ్మ చెప్పిందనీ, అప్పట్లో ఇంతని తెలీదనీ, అప్పుడే ఇల్లు కడుతున్నాననీ. అన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి. బండి పక్కకి ఆపాను. "అవునురా. నేనే. తప్పు చేశాను" అన్నాను. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పిల్లలతో అనే మాట కాదది. నోరు తిరగలేదు. వాడు దిగలేదు, మాట్లాడలేదు. కాసేపయ్యాక "పద, చీకటి పడుతోంది" అన్నాడు. నెలరోజులు నాతో ముభావంగానే ఉన్నాడు. పుస్తకాల్లో రాసినట్టు ఆ క్షణాన ఏదీ కరిగిపోలేదు.

అమ్మ మాత్రం ఇప్పటికీ ఆ సంక్రాంతి మాట ఎత్తదు. చెల్లెలు అడగదు. రోజూ పొద్దున చెల్లెలికి తలదువ్వి జడ వేస్తుంది, ఆమె తనే వేసుకోగలిగినా సరే. ఆ చెయ్యి పైకి లేవదు కదా అంటుంది.

వాడిప్పుడు విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మొన్న రాత్రి ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్నకి ఒంట్లో బాలేదట, ఒకసారి చూడాలని ఎవరితోనో కబురు పెట్టాడట. "వెళ్ళనా మావయ్యా?" అన్నాడు. వద్దని చెప్పబోయి ఆగాను. నువ్వేమనుకుంటున్నావన్నాను. తెలీదన్నాడు. ఆదివారం ఇంటికి వస్తానన్నాడు, బండి సర్వీసింగ్ చేయించి ఉంచమన్నాడు.