డెలావేర్ దాటే ముందు

అలెన్‌టౌన్‌లో పొద్దున్నే బయల్దేరాం. వెర్మాంట్‌లో ఆకులు రంగు మారే రోజులు. అక్క డిక్కీలో పులిహోర డబ్బా సర్దింది. బావ నడుముకి పిస్టల్ పెట్టుకున్నాడు. పెట్రోల్ బంకు నడిపే మనిషి, రాత్రిపూట గల్లా డబ్బుతో ఇంటికి రావాలి. పెన్సిల్వేనియా లైసెన్సు తీసుకుని ఆరేళ్లయిందట.

ఈస్టన్‌లో, డెలావేర్ నది వంతెనకి ముందు కారు ఆపాడు. మ్యాగజైన్ ఊడదీసి, ఛాంబర్లో మిగిలిన తూటా కూడా అరచేతిలోకి దులిపాడు. పిస్టల్ ఒక ఇనప పెట్టెలో, తూటాలు ఇంకోదాంట్లో. రెండింటికీ తాళాలేసి పులిహోర పక్కన పెట్టాడు.

“అవతల న్యూజెర్సీ. నా కార్డు అక్కడ చెల్లదు. ఇలా కట్టిపెట్టి దాటిపోతే 1986 నాటి ఫెడరల్ చట్టం కాపాడుతుంది. మధ్యలో ఆగామో, మన ఖర్మ.”

ఇండియాలో ఎన్నికలొస్తే మా తాతయ్య తన తుపాకీని పోలీస్ స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. తాతయ్యకి ఎన్నికలు అడ్డు, బావకి నది.

వంతెన దాటిన కాసేపటికి బ్రిడ్జ్‌వాటర్ బోర్డు. వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్దామంది అక్క. బావ తల అడ్డంగా ఊపాడు. 2005లో యూటా నుంచి మా అలెన్‌టౌన్‌కే వస్తున్న ఒకాయనకి నెవార్క్‌లో విమానం తప్పిపోయింది. సామాను తీసుకుని రాత్రి హోటల్లో పడుకున్నాడు. మర్నాడు విమానాశ్రయంలో, పెట్టెలో తుపాకీ ఉందని తనే చెప్పాడు. అరెస్టు చేశారు. తర్వాత కేసు ఎత్తేశారు గానీ, పరిహారమడిగితే 2010లో అప్పీలు కోర్టు కాదంది. ఆ రాత్రి తుపాకీ ఆయన చేతికందేలా ఉంది కదా, అని! అక్క కారులోంచే దణ్ణం పెట్టుకుంది.

“డ్రైవింగ్ లైసెన్సు దేశమంతా చెల్లుతుందే, ఇదెందుకు చెల్లదు?” అన్నాడు బావ. చెల్లాలనే బిల్లు 2017 డిసెంబరులో ప్రతినిధుల సభలో 231–198తో నెగ్గింది. సెనేట్‌లో ఆగిపోయింది.

“నీకు పరీక్షేం పెట్టారు బావా?”

“పరీక్షా? ఫారం, ఫీజు, నేరచరిత్ర ఆరా. అంతే.”

చిక్కంతా అక్కడే. న్యూజెర్సీలో గురిచూసి కాల్చి చూపిస్తే గానీ ఇవ్వరు. వెర్మాంట్‌లో అసలు కార్డే అక్కర్లేదు. డ్రైవింగ్ లైసెన్సుకి ముందు కారు నడిపించి చూస్తారు కాబట్టే పక్క రాష్ట్రం దాన్ని నమ్ముతుంది. దీనికీ అందరికీ ఒకే కనీస పరీక్ష పెట్టి, ఆపైన ఎల్లలు చెరిపితే సబబని నాకనిపించింది.

న్యూయార్క్ కూడా దాటి మధ్యాహ్నానికి బెన్నింగ్టన్ చేరాం. బావ డిక్కీ తెరిచాడు. ఇక్కడ నడుముకి పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. అక్క పులిహోర డబ్బా అందుకుంటూ అంది:

“వచ్చే ఏడు దాన్ని ఇంట్లో పెట్టి రండి. స్వామి దర్శనమైనా అవుతుంది.”